కోర్ పెట్టె వదలకు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మణుగూరు వైపు బొగ్గు డ్రిల్లింగ్ క్యాంపులో జియాలజిస్టుగా చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఈ వృత్తిలో ముప్పై ఏళ్లు నిలబడాలంటే మొదటి రెండేళ్లు కోర్ పెట్టె (బోరులోంచి తీసిన రాతి కడ్డీలను, అంటే కోర్‌ను, వరసగా సర్దే పెట్టె) పక్కనే గడపాలి. ఆఫీసులో కంప్యూటర్ సీటు ఇస్తామన్నా అప్పుడే వెళ్లకు.

డ్రిల్లు రాడ్లు పైకి లాగే వేళకు రిగ్గు (బోరు వేసే యంత్రం) దగ్గరుండు. హెల్పర్లు సర్దేటప్పుడు ఒక్క ముక్క తలకిందులైనా ఆ తప్పు మ్యాపు దాకా పోతుంది. ప్రతి రన్ (ఒక విడత డ్రిల్లింగ్) చివర లోతు రాసిన చెక్క బిళ్ల పెట్టించు. 3 మీటర్ల రన్‌లో 2.7 మీటర్లు చేతికొస్తే రికవరీ 90 శాతం. ఆ పోయిన 30 సెంటీమీటర్లు ఏమిటన్నదే అసలు ప్రశ్న. బొగ్గు పెళుసు కదా, నీటి ఒత్తిడి ఎక్కువైతే పొడై కొట్టుకుపోతుంది. కోర్ రాలేదని సీమ్ (బొగ్గు పొర) మందం తగ్గించి రాయకు. రాడ్డు ఎక్కడ గబుక్కున దిగిందో, తిరిగొచ్చే నీళ్లు ఎప్పుడు నల్లబడ్డాయో డ్రిల్లర్‌ని అడుగు. ఆయనకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ ఉండదు. తర్వాత బోరులో పరికరం దించి తీసే జియోఫిజికల్ లాగ్‌తో సరిచూసుకో. మంచి బొగ్గు దగ్గర గామా (రాతి సహజ రేడియేషన్), డెన్సిటీ (సాంద్రత) రెండూ పడిపోతాయి, షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) రాగానే గామా లేస్తుంది.

ఆర్‌క్యూడీకి (రాయి ఎంత పగలకుండా ఉందో చెప్పే కొలతకు) 10 సెంటీమీటర్లు, అంతకు మించిన ముక్కల పొడవులు కూడి రన్ పొడవుతో భాగిస్తారు. పెట్టెలో పట్టడానికి సుత్తితో కొట్టిన చోటును కూడా పగులుగా లెక్కేస్తారు కొత్తవాళ్లు. లెన్సు పెట్టి చూడు. విరిగిన ముఖం తాజాగా, గరుకుగా, మరక లేకుండా ఉంటే అది మనం విరిచిందే, రెండూ కలిపి ఒకే ముక్క. తుప్పు మరకో, బంకమట్టి పూతో, కాల్సైట్ ఖనిజమో ఉంటే రాతిలోనే ఉన్న పగులు. ఇక్కడ పొరబడితే పైకప్పు రాయి బలం అంచనా తప్పుతుంది. దాని కింద మనుషులు పనిచేస్తారమ్మా.

కోర్ వివరాలు లాగ్‌లో రాసి, ఫొటో తీయగానే బొగ్గు కోర్‌ను పాలిథీన్‌లో చుట్టించు. ఎండలో వదిలితే తేమ పోయి ల్యాబు ఫలితం మారిపోతుంది.

2019లోనే ఆడవాళ్లకు పగటి వేళల్లో భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు అనుమతి వచ్చింది. ఆ అవకాశం అడిగి తీసుకో. రాతి పొరలు తెగి జరిగిన చోటును ఫాల్ట్ అంటారు. కాగితం మీద గీసిన ఫాల్ట్‌ను గని గోడ మీద చూడాలి.

మూడో ఏడు దాటాక ఇనుప ఖనిజమో సున్నపురాయో నేర్చుకో. ధరలు పడితే కంపెనీలు ముందు ఆపేది అన్వేషణే, అప్పుడు రెండో ఖనిజం తెలిసినవాళ్లకు పని దొరుకుతుంది.

లాగ్ పెన్సిల్‌తోనే రాయి. వానలో పెన్ను ఇంకు నిలవదు.

ఇట్లు,
పెదనాన్న