వానాకాలంలో సైకిల్‌కి స్టడ్ టైర్లు పనికొస్తాయా?

బెజవాడ వానల్లో బందరు రోడ్డు మీద సైకిల్ జారుతోంది, మంచు దేశాల్లో వాడే స్టడ్ టైర్లు వేయించుకోవచ్చా అని అడిగారు.

వద్దండి. వాటిలోని టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థపు మొనలు గడ్డకట్టిన మంచులోకి దిగి పట్టు ఇస్తాయి. తారు, సిమెంటు రోడ్లలోకి దిగవు. రబ్బరు ఆనాల్సిన చోట లోహం ఆనుతుంది కాబట్టి తడిలో పట్టు తగ్గొచ్చు కూడా. బరువు, చప్పుడు అదనం.

లోతైన గ్రిప్పు డిజైను కూడా అక్కర్లేదు. 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉన్న టైరు నీటి పొర మీద తేలి జారాలంటే వేగం గంటకు సుమారు 100 కి.మీ. దాటాలి; మీ సైకిల్ అంత వేగం పోదు. పట్టు ఇచ్చేది మెత్తని రబ్బరు, వెడల్పు, సరైన గాలి. వానలో మామూలుకన్నా 5 పీఎస్‌ఐ తగ్గించండి, కానీ టైరు పక్కన అచ్చువేసిన కనీస అంకె కిందికి వద్దు. మరీ తగ్గితే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

చాలాసార్లు అసలు ప్రమాదం బ్రేకుతోనే. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బర్లు దాదాపు పట్టవు; అల్యూమినియం రిమ్ము చాలా నయం. ఆపాల్సిన చోటికి ముందే బ్రేకు తేలిగ్గా ఆనించి నీళ్లు తుడవండి, తర్వాత గట్టిగా నొక్కండి.

తొలకరి మొదటి జల్లు మరీ ప్రమాదం: దుమ్ము, నూనె కలిసి జిగటగా తేలతాయి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతల మీద హ్యాండిల్ తిప్పొద్దు, బ్రేకు వేయొద్దు. రైలు పట్టాలు అడ్డంగా, నిటారుగా దాటండి.