మోకాళ్ల నొప్పులతో ఒర్వియేతో కొండ ఎక్కగలమా?

ప్రశ్న: అమ్మతో రోమ్ వెళ్తున్నాం. కొండ మీది ఒర్వియేతో ఊరు కూడా చూడాలని ఉంది, కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎలా?
- ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: టెన్షన్ ఎందుకండీ, శుభ్రంగా వెళ్లండి. రోమ్ నుంచి రైల్లో గంట పైచిలుకు, స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్ ఉంటుంది, మన కైలాసగిరి రోప్‌వేలా గాల్లో వేలాడదు, పట్టాల మీదే కొండెక్కించేస్తుంది. దిగిన చోటికి దగ్గర్లోనే సాన్ పత్రీజియో బావి. 1527లో శత్రు సైన్యం రోమ్‌ని దోచుకున్నాక ఇక్కడికి పారిపోయి వచ్చిన పోప్ ఏడో క్లెమెంట్, ముట్టడి వచ్చినా నీళ్లకి కరువుండకూడదని తవ్వించాడు. 53 మీటర్ల లోతు, నీళ్లు మోసే గాడిదలు ఎదురుపడకుండా దిగే దారి వేరు, ఎక్కే దారి వేరు! 248 మెట్లు కాబట్టి అమ్మని మాత్రం దింపకండి. 1290లో కట్టడం మొదలెట్టిన ఊరి పెద్ద చర్చి దాకా బస్సుంది. వీధుల్లో పరిచినవి రాళ్లు, మెత్తటి బూట్లు వేయించండి.