లెంటులో చేప తినొచ్చా? మన గోదావరి జిల్లాల వాళ్లకి నా జవాబు

"లెంటు నలభై రోజులూ క్రైస్తవులు శాకాహారమే తినాలా? చేప తింటే ఉపవాసం పోతుందా?" అని ఒకరు అడిగారు. లెంటంటే ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలం. ఉపవాసం పోదు. కానీ మన డెల్టాలో ముందు మానాల్సింది చేపే.

కేథలిక్కుల నియమం చూడండి. 14 ఏళ్లు నిండినవాళ్లు లెంటు శుక్రవారాల్లో మాంసం ముట్టకూడదు. 18 నుంచి 59 నిండేదాకా బూడిద బుధవారం (లెంటు మొదటి రోజు), మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఉపవాసం కూడా ఉండాలి. అంటే ఒక పూట నిండుగా భోజనం, మిగతా రెండు పూటలా కలిపినా దానికి సరితూగనంత కొంచెం. చేప, గుడ్డు, పాలు మాంసం లెక్కలోకి రావు. గ్రీకు ఆర్థడాక్స్ వాళ్లకి ఒకటి రెండు పండగ రోజులు తప్ప చేప కూడా నిషిద్ధమే, రొయ్యకి మాత్రం అడ్డు లేదు! సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం వాళ్లు బైబిల్లోని లేవీయకాండం 11 ప్రకారం పొలుసూ రెక్కా ఉన్న చేపే తింటారు కాబట్టి రొయ్య, పీత, వాలుగ వాళ్లకి పనికిరావు. అసలు శాకాహారమే మేలంటారు. లూథరన్లకి శ్రమకాలపు కూటాలున్నాయి గానీ తిండి చట్టం లేదు. నరసాపురం వైపు బ్రదరన్ సంఘాలు లెంటే పాటించవు.

ఈ నియమాలు రాసిన చోట విందు కూరంటే మాంసమే. భీమవరంలో, పాలకొల్లులో చేపంటే ఇంటికొచ్చిన అల్లుడికి పెట్టే కూర. శుక్రవారం కోడి మానేసి కొరమేను పులుసు పెట్టుకుంటే చట్టం తప్పినట్టు కాదు, నోరు కట్టుకున్నట్టూ కాదు. మన పెద్దలు నీచు మొత్తం, గుడ్డుతో సహా, మానింది అందుకే. పులస మానేశాం అనడం మాత్రం లెక్కలోకి రాదు, అది వరద నీటితో వచ్చే చేప, లెంటులో దొరకదు.

అలాగని కూరగాయలకి పవిత్రత అంటగట్టకండి. పునరుత్థానుడైన యేసు శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడని లూకా 24లో ఉంది. తినేవాణ్ణి తిననివాడు తీర్పు తీర్చకూడదని పౌలు రోమా 14లో గట్టిగా చెప్పాడు. దానియేలు ప్రవక్త 21 రోజులు మాంసం, ద్రాక్షారసంతో పాటు రుచికరమైన తిండే మానాడు. మనవాళ్లు నీచు మానేసి జీడిపప్పు కూర, పన్నీరు, పుట్టగొడుగుల మీద పడుతున్నారు. కిలో చేపలకయ్యే డబ్బుకి రెండింతలు పెట్టి వండేది ఉపవాసం ఎలా అవుతుంది? యెషయా 58 అడిగేది ఆకలిగొన్నవాడికి పెట్టమని. చేపల డబ్బు విడిగా తీసిపెట్టి ఈస్టర్‌లోపు అవసరమైన ఇంట్లో ఇచ్చేయండి.

ఇక మంచి శుక్రవారం. మార్చి 20కీ ఏప్రిల్ 23కీ మధ్య ఎప్పుడైనా పడుతుంది, ఎండ ముదిరే రోజులు. పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. రేకుల చర్చి, జనం కిక్కిరిసి ఉంటారు, ఉక్కపోత. ఐదో మాట, "దప్పిగొనుచున్నాను", వచ్చేసరికి వెనక వరసలో ఎవరో ఒకరు తూలుతారు. చాలాసార్లు అది ఆకలి వల్ల కాదు, పొద్దుట్నుంచీ నీళ్లు తాగకపోవడం వల్ల. గురువారం రాత్రి ఆవకాయ, ఎండుచేప వద్దు, ఉప్పుకి దాహం రెట్టింపవుతుంది. తెల్లవారుజామున రెండు గ్లాసుల నీళ్లు తాగండి, ఆ తర్వాతా మధ్యమధ్యలో తాగుతూ ఉండండి. రోజూ కాఫీ తాగేవాళ్లు ఒక్కసారి మానితే తలపోటు రావచ్చు, వారం ముందునుంచీ తగ్గించుకోండి. షుగరుకి గ్లిమిపిరైడ్ బిళ్లో ఇన్సులినో వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరుని అడగకుండా మోతాదు మార్చకండి, ఉపవాసమూ ఉండకండి. అలాంటివాళ్లని కూడా "విశ్వాసం లేదా?" అని నిలదీసే బోధకులున్నారు, ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. కేథలిక్ సంఘమే రోగులకి మినహాయింపు ఇస్తుంది.

ఉపవాసం విడిచేటప్పుడు పులిహోర, బజ్జీలు వద్దు, ఖాళీ కడుపులో పులుపూ నూనే మంట పెడతాయి. గ్లాసు బియ్యానికి పది గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, పైన తేరిన గంజిలో చిటికెడు ఉప్పు వేసి ఒక గ్లాసు నెమ్మదిగా తాగండి. అరగంటాగి కాస్త అన్నం, పెసరకట్టు. ఐదు రోజులు దాటి దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్లు ఇంట్లో గంజితో కూడా సొంతంగా విడవకూడదు. ఒక్కసారిగా తింటే ఒంట్లో లవణాలు పడిపోయి గుండె లయ తప్పొచ్చు, ఆసుపత్రికే వెళ్లాలి. ఒంటిపూట భోజనంతో నలభై రోజులూ గడిపినవాళ్లకి మామూలుగా ఆ ప్రమాదం ఉండదు గానీ, ఈస్టర్ మధ్యాహ్నం మాంసం నాలుగు ముక్కలతో ఆపి, మిగతాది సోమవారానికి ఉంచుకోండి.