స్థలం అమ్మి పాపకు వైద్యం చేయించమంటారా?

ప్రశ్న: మాది కావలి. మా పాపకు 14 నెలలు. ఆరో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి. మెడ ఆలస్యంగా నిలిచింది, ఇంకా కూర్చోవడం లేదు. రెండు నెలలకోసారి చెన్నై, వారానికి రెండుసార్లు నెల్లూరులో ఫిజియోథెరపీ. నేను ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం మానేశాను. మావారు రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాస్తారు, జీతం 34,000. తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాం. పాప పేరు మీద సుకన్య సమృద్ధిలో నెలకు 3,000 కడుతున్నాం. నాకు ఎనిమిది సవర్ల నగలు, నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఆరు సెంట్ల స్థలం ఉన్నాయి. స్థలం అమ్మేస్తే అప్పు తీరి వైద్యానికి కొంత మిగులుతుందని అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, స్థలం ఇప్పుడే అమ్మొద్దు. ఎందుకో మీరు పంపిన నోటుబుక్కు ఫొటోలోనే ఉంది.

ఎడమ పేజీలో పాప సంగతులు: "పొద్దున 6.10, లేవగానే వరసగా 11 సార్లు. 9 గంటలకు మందు కక్కేసింది, మళ్లీ వేశా." కుడి పేజీలో ఒక్క చెన్నై ప్రయాణం ఖర్చు: కారు 9,000, లాడ్జి 1,400, తిండి 900, డాక్టరు ఫీజు 1,000. మొత్తం 12,300. అందులో డాక్టరుకు వెళ్లింది వెయ్యి. మీవారికి కోత పడిన రెండు రోజుల జీతం, అంటే ఇంకో 2,200 మీరు రాయనేలేదు. మీ డబ్బు తింటున్నది వైద్యం కన్నా దారి ఖర్చూ, వడ్డీనూ.

ఇలాంటి పిల్లల విషయంలో ఈఈజీ, ఎంఆర్ఐ, జన్యు పరీక్షలు అంటూ మొదటి ఏడాది పెద్ద పెద్ద బిల్లులు వస్తాయి. తర్వాత ఖర్చు మందులు, థెరపీల మీదికి మళ్లుతుంది. అది నెలనెలా వచ్చే ఖర్చు, ఏళ్ల తరబడి ఉంటుంది. దానికి కావాల్సింది నెలనెలా చేతిలో ఆడే డబ్బు. స్థలం అమ్మిన సొమ్ము బ్యాంకులో పడితే ఎవరో ఒకరు చేబదులు అడుగుతారు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, అడగని బంధువును చూడలేదు.

ముందు ఆ రెండు రూపాయల వడ్డీ వదిలించుకోండి. లక్షన్నరకు నెలకు 3,000 పోతోంది. మీ నగల్లో నాలుగు సవర్లు బ్యాంకులో పెడితే ఆ అప్పు తీరిపోవచ్చు. బ్యాంకులో బంగారం మీద వడ్డీ రూపాయి లోపే ఉంటుంది. ముప్పావలా అనుకున్నా నెలకు 1,125. అంటే 1,875 మిగులు. నగలు కుదువ పెట్టడం నామోషీ కాదు. కాకపోతే వడ్డీ ప్రతి నెలా కట్టేయండి, ఏడాది చివర ఒక్కసారే కడదాంలే అనుకోవద్దు.

ఇక సుకన్య. ఇది చెప్పడం నాకూ కష్టమే, వడ్డీ బాగుందని తెలుసు. కానీ ఆ డబ్బు పాపకు 18 ఏళ్లు వచ్చేదాకా, లేదా పదో తరగతి పాసయ్యేదాకా చేతికి రాదు. ప్రాణాంతక జబ్బు కారణంగా మూసేయాలన్నా ఐదేళ్లు నిండాలి. మీ పాపకు డబ్బు కావాల్సింది ఇప్పుడు. మెదడు త్వరగా నేర్చుకునే వయసు ఇదేనని డాక్టర్లు అంటారు కదా. ఖాతా మూయక్కర్లేదు, ఏడాదికి 250 కడితే బతికే ఉంటుంది. దాంతో నెలకు దాదాపు 2,980 మిగులుతుంది. రెండూ కలిపితే 4,800 పైచిలుకు. మీరు రాసిన లెక్క ప్రకారం థెరపీకి ఒక్కోసారి 400, నెలకు ఎనిమిది సార్లు, 3,200. ఇంకో రెండు సెషన్లు పెంచుకున్నా సరిపోతుంది.

చెన్నై డాక్టరును ఈసారి సూటిగా అడగండి: ఏ విజిట్లకు పాపను తీసుకురావాలి, ఏవి వీడియో కాల్‌లో అయిపోతాయి, రక్తపరీక్షలు నెల్లూరులో చేయించి పంపవచ్చా? ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్లో తీసిన వీడియో, మీ ఎడమ పేజీ రాతలు ఆయనకు బాగా పనికొస్తాయి. ఏడాదికి రెండు ప్రయాణాలు తగ్గినా 29,000 మిగిలినట్టే. ఎవరో చెప్పారని పసరు మందు పట్టించి మందులు ఆపొద్దు. నేను డాక్టర్ని కాను, కానీ మందు హఠాత్తుగా మానేసి ఐసీయూలో తేలిన కేసు బిల్లు చూశాను.

పాపకు ఏడాది నిండింది కాబట్టి వైకల్య ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు చేయవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలకు ఎదుగుదల ఆలస్యం అని తాత్కాలికంగా ఇస్తారు, మళ్లీ పరీక్ష చేయించాలి. వైకల్య పరీక్ష చేసే సదరం శిబిరానికి స్లాట్ సచివాలయంలో బుక్ చేయించండి. పింఛను నెలకు 6,000 ఉంది కానీ ఆదాయ పరిమితి మీకు అడ్డం రావచ్చు, అదీ అక్కడే అడగండి. సెరిబ్రల్ పాల్సీ అనో, బుద్ధిమాంద్యం అనో తేలితే ఇలాంటి వైకల్యం ఉన్నవారికి కేంద్రం ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో చేర్చండి. లక్ష రూపాయల వరకు కవర్, ముందే ఉన్న జబ్బని తోసేయరు, థెరపీకి కూడా కొంత ఇస్తారు. మూర్ఛ ఒక్కటే ఉంటే మాత్రం వర్తించదు. ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపే కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) మీకు రావాలి. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ముందు అక్కడ ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. మీ మరిది చెప్పిన 80డీడీ, అంటే వైకల్యం ఉన్నవారిని పోషించేవారికి ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు గురించి మర్చిపోండి, మీ జీతానికి అసలు పన్నే పడదు.

మీరు విడిగా అడిగారు, ఆరోగ్య బీమా ఏజెంటు ఫిట్స్ సంగతి ఫారంలో రాయొద్దన్నాడని. రాయండి. ముందున్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, లేదంటే పాపను పాలసీలోకే తీసుకోకపోవచ్చు. కానీ దాచి పెడితే క్లెయిము రోజున పాలసీయే అక్కరకు రాదు.

బీమాల్లో అన్నిటికన్నా ముందు తీసుకోవాల్సింది మీవారి పేరు మీద టర్మ్ పాలసీ, అంటే ఆయనకు ఏమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే బీమా. యాభై లక్షలకు తక్కువ వద్దు. డబ్బు అందుకునేవారిగా పాప పేరు పెట్టొద్దు, మీ పేరు పెట్టండి. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ డబ్బు జోలికి అప్పులవాళ్లు రాలేరు. ప్రపోజల్ ఫారంతో పాటే ఆ చిన్న ఫారం నింపాలి, పాలసీ వచ్చాక కుదరదు.

రేపు డాక్టరు ఆపరేషన్ అంటే అప్పుడు స్థలం సంగతి మళ్లీ మాట్లాడదాం. అవసరం ముఖంలో కనిపిస్తే బేరగాడు ధర కోసేస్తాడు, కాబట్టి కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. స్థలం మీద తాకట్లు, లావాదేవీలు ఏమున్నాయో చూపే ఈసీ తీయించి, వీలున్న ఆదివారం మీ నాన్నగారితో వెళ్లి హద్దురాళ్లు నాలుగూ ఉన్నాయో లేదో చూసి రండి.