మొదటి మాస్టర్స్ ఈత పోటీకి ముందు

చిరంజీవి వేణుకి ఆశీస్సులు.

మాస్టర్స్ పోటీకి, అదే పెద్దవాళ్లకు వయసు గ్రూపుల వారీగా పెట్టే ఈత పోటీకి, ఎంట్రీ పంపుతున్నావని తెలిసింది. నీకు 45 నిండేది నవంబరులోనైనా జనవరి నుంచే 45-49 గ్రూపు నీది. డిసెంబరు 31 నాటి వయసే లెక్క. కొత్త గ్రూపులోకి వెళ్లిన ఏడాది అందులో మనమే చిన్నవాళ్లం. వయసు పెరిగిందని సంబరపడేవాళ్లు కనిపించేది ఈ కొలను గట్టు మీదే.

ఎంతసేపట్లో ఈదుతావో ముందే రాసిచ్చే ఎంట్రీ టైము దగ్గర గొప్పలకు పోకు. చాలా పోటీల్లో హీట్లు, అంటే ఒకేసారి ఈదే జట్లు, ఆ టైమును బట్టి వేస్తారు, వయసుల వారీగా విడదీసేది ఫలితాల్లోనే. పక్క లేన్‌లో డెబ్బై ఏళ్లాయన ఉండొచ్చు, నిన్ను దాటిపోనూ వచ్చు. వంద మీటర్లు 1:40లో ఈదేవాడివి 1:20 అని రాస్తే చివరి పాతిక మీటర్లు ఒంటరిగా ఈదాలి. ఉన్నది రాస్తే గోడ తాకేదాకా పక్కన ఎవరో ఒకరు నీళ్లు చిమ్ముతూనే ఉంటారు. అసలు మజా అదే.

మొదటిసారికి మూడు ఈవెంట్లు చాలు, మధ్యలో అరగంటైనా ఉండేలా చూసుకో. ఈవెంట్, హీట్, లేన్ నంబర్లు ముంజేతి మీద పెన్నుతో రాసుకో. కబుర్లలో పడి హీటు పోగొట్టుకునేవాళ్లు ప్రతి పోటీలోనూ ఉంటారు.

పొట్టి విజిళ్లు వినగానే గాగుల్స్ సర్దుకో, పొడుగు విజిల్‌కి బ్లాక్, అదే దూకే దిమ్మె, ఎక్కు. గాగుల్స్ పట్టీ టోపీ కింద ఉండాలి. దూకేటప్పుడు తలెత్తి ముందుకు చూస్తే అవి ఊడి నోట్లోకొస్తాయి, గడ్డం ఛాతీకి దించుకో. బ్లాక్ భయమైతే నీళ్లలో ఒక చేత్తో గోడ పట్టుకుని మొదలెట్టొచ్చు, మాస్టర్స్‌లో అది తప్పు కాదు. బటర్‌ఫ్లైలో బ్రెస్ట్‌స్ట్రోక్ కాళ్లు కొట్టినా ఒప్పుకుంటారు. కానీ బటర్‌ఫ్లై, బ్రెస్ట్‌స్ట్రోక్ రెండింట్లోనూ గోడను రెండు చేతులతో ఒకేసారి తాకకపోతే డిస్‌క్వాలిఫై చేస్తారు.

పోటీ ఊపులో మొదటి పాతిక మీటర్లు తేలిగ్గా అనిపిస్తాయి, డెబ్బై ఐదో మీటరుకు చేతులు బండలవుతాయి. రోజూ పాతికకు 18 స్ట్రోకులైతే అక్కడా పద్దెనిమిదే లెక్కపెట్టు.

రిలే మాత్రం వదులుకోకు. నలుగురి వయసులూ కలిపి గ్రూపు కడతారు: 160-199, ఆ పైన 200-239. నలభై ఐదేళ్లవాళ్లు ముగ్గురికి 64 ఏళ్లాయన తోడైతే 199, కింది గ్రూపే. 65 ఏళ్లాయన దొరికితే 200, పై గ్రూపులో మీరే చిన్నవాళ్లు! అందుకే పెద్దవాళ్లకు అక్కడ అంత గిరాకీ.

నీ ఈవెంట్ అయ్యాక రెండు మూడు వందల మీటర్లు మెల్లగా ఈది, ఒళ్లు తుడుచుకుని, వెచ్చగా ఏదైనా కప్పుకుని, అన్నిటికంటే నెమ్మది హీటు చూడు. 2015లో జపాన్‌కు చెందిన మియెకో నగావొకా వందేళ్ల వయసులో 1500 మీటర్ల ఫ్రీస్టైల్ గంటా 15 నిమిషాల 54 సెకన్లలో పూర్తిచేసింది, అదీ బ్యాక్‌స్ట్రోక్‌లో, వెల్లకిలా ఈదుతూ. ఫ్రీస్టైల్‌లో ఎలాగైనా ఈదొచ్చుగా మరి.

నీ గ్రూపులో నువ్వొక్కడివే ఉన్నా పతకం వద్దనకు. రెండో టవల్ మర్చిపోకు, మొదటిది వార్మప్‌కే తడిసి ముద్దవుతుంది.