సైకాలజిస్టు వచ్చి మాట్లాడారు, ఇక వైద్యం మొదలైనట్టేనా?

అక్కా, అబ్జర్వేషన్ హోమ్‌లో (కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే చోటు) ఉన్న మీ 17 ఏళ్ల అబ్బాయికి నిద్ర లేదు, తిండి లేదు, ఒక సైకాలజిస్టు అరగంట మాట్లాడి వెళ్ళారు, ఇక వైద్యం మొదలైనట్టేనా అని అడిగారు. లాయరు పెద్ద కేసే అన్నారని కూడా రాశారు. అలాంటి కేసైతే, మొదలు కాకపోయి ఉండొచ్చు.

16 నిండిన పిల్లల మీద, కనీసం ఏడేళ్లు శిక్ష పడే కేసు ఉంటే, పిల్లల కేసులు చూసే జువైనల్ బోర్డు ముందుగా ఒక అంచనా వేస్తుంది. 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో అది సెక్షన్ 15. ఆ నేరం చేయగల స్థితి వాడికుందా, చేస్తే ఏమవుతుందో తెలుసా, ఏ పరిస్థితుల్లో జరిగింది అన్నవి చూస్తారు. పెద్దవాళ్లను విచారించినట్టు విచారించాలా వద్దా అని తేల్చడానికే ఇదంతా. పిల్లల మనస్తత్వం చదివిన సభ్యులు బోర్డులో లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీవాడితో మాట్లాడిన సైకాలజిస్టు ఈ అంచనా కోసమే వచ్చి ఉండొచ్చు. మంచిదే, కానీ దాంతో మీవాడికి నిద్ర పట్టదు కదా.

వైద్యం సంగతి సెక్షన్ 53లో ఉంది. పిల్లవాడి అవసరాన్ని బట్టి హోమ్‌లో కౌన్సెలింగ్, మానసిక వైద్యం అందేలా చూడాలి. అడిగితే కదులుతుంది, అడగకపోతే కాగితం మీదే ఉంటుంది.

మాది ఆదోని. మా అక్క కొడుకు కొన్నాళ్లు ఇలాగే హోమ్‌లో ఉన్నాడు. గొడవ చేసే పిల్లల్ని వెంటనే డాక్టరుకు చూపిస్తారు. మావాడు నోరెత్తడు. అడిగితే ‘మంచి పిల్లోడండీ, ఏ ఇబ్బందీ లేదు’ అనేవాళ్లు. ములాఖత్‌లో చూస్తే బొటనవేలి గోరు పక్క చర్మాన్ని నెత్తురొచ్చేదాకా పీక్కుంటూ కూర్చునేవాడు. ఇంట్లో రెండు ప్లేట్ల ఉగ్గాని లాగించేవాడు, వాళ్లమ్మ తెచ్చిన బాక్సు మూత కూడా తీయలేదు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా ఇచ్చిన లాయరుతో బోర్డుకు అర్జీ పెట్టించాం. డిప్రెషన్ అని మనం పేరు పెట్టక్కర్లేదు. ఎప్పట్నుంచి నిద్ర లేదు, ఎంత తింటున్నాడు, చేతులతో ఏం చేస్తున్నాడు, కళ్లతో చూసినవే రాయండి. బోర్డు చెప్పాక కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ కేసు ఊసే ఎత్తలేదు. ‘రాత్రి నీ పక్కన ఎవరు పడుకుంటారు నాయనా?’ అని అడిగింది. వాడు అప్పుడు నోరు విప్పాడు. పక్క పరుపు పెద్ద కుర్రాడంటే భయమట. మాత్రలు రాసింది, పడుకునే చోటు మార్చమని చీటీలో కూడా రాసింది. సగం టెన్షన్ ఆ చోటు మార్పుతోనే పోయిందని నా నమ్మకం.

మీవాడికి ఒకటి చెప్పండి. నిద్ర, భయం, చచ్చిపోవాలన్న ఆలోచన ఏదున్నా డాక్టరు దగ్గర దాచొద్దు. ఆ రోజు ఏం జరిగిందన్నది మాత్రం లాయర్ని అడిగాకే మాట్లాడమనండి. చావు మాట వాడి నోట వస్తే అర్జీ దాకా ఆగకండి, ఆ రోజే హోమ్ సూపరింటెండెంట్‌కు రాసిచ్చి ఆసుపత్రికి పంపమనండి.

బెయిలు వచ్చే రోజు ఓపీ చీటీ జిరాక్సు అడిగి తీసుకోండి, అసలుది హోమ్ ఫైల్లోనే ఉండిపోతుంది. మందులు ఉన్నట్టుండి ఆపకూడదు. మీకు కూడా రాత్రిళ్లు గుండె దడగా ఉందన్నారు కదా, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులేం అడగరు, తెలుగులోనే మాట్లాడతారు.