వేన్నీళ్ళకు ఎంత కట్టె, ఎంత కరెంటు?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో పత్తి పండించే ఒక పల్లె. నేను మహిళా సంఘంలో సభ్యురాలిని. వంటకు గ్యాస్ వచ్చి చాలా ఏళ్ళయినా, స్నానాలకు నీళ్ళు మాత్రం ఇప్పటికీ వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీదే కాస్తున్నాము. ఈ చలికాలం లోపల సంఘంలో అప్పు తీసుకుని, నలభై ఇళ్ళవాళ్ళం ఒకేసారి పద్ధతి మార్చుకోవాలని అనుకుంటున్నాము. కరెంటు 200 యూనిట్ల దాకా ఉచితమే కాబట్టి గీజరు చాలునని కొందరు అంటున్నారు. సోలార్ హీటరు పెట్టుకుంటే కేంద్రం 78 వేలు ఇస్తుందని దాన్ని అమ్మడానికి వచ్చిన మనిషి చెబుతున్నాడు. మా ఇంట్లో అయిదుగురం ఉంటాము. నెలకు 140 యూనిట్ల దాకా వాడతాము. బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున సున్నం పేరుకుంటుంది. ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, నలభై ఇళ్ళవాళ్ళూ ఒకే వస్తువు కొనవద్దు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, అందరూ ఒకటే కొంటే ధర తగ్గిస్తామని అమ్మేవాళ్ళు తప్పకుండా అంటారు, ఆ తగ్గింపు చూసి సంఘాలు తొందరపడతాయి. మీ ఊళ్ళో స్లాబు ఇల్లు ఉన్నవాళ్ళ అవసరం వేరు, పెంకుటింట్లో ఉన్నవాళ్ళ అవసరం వేరు, ముసలివాళ్ళిద్దరే ఉండే ఇంటి అవసరం వేరు.

ముందు లెక్క చూద్దాము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ వేడి కావాలి. 860 కిలోకేలరీలైతే ఒక యూనిట్ కరెంటుతో సమానం. మీ ఇంట్లో మనిషికి 20 లీటర్ల బకెట్ చొప్పున రోజుకు 100 లీటర్లు అనుకుందాము. రాత్రంతా మిద్దె మీద ట్యాంకులో చల్లబడిన నీళ్ళు పుష్యమాసంలో 18 డిగ్రీలుంటే, వాటిని స్నానానికి సరిపోయే 40 డిగ్రీలకు తేవడానికి 2,200 కిలోకేలరీలు, అంటే రెండున్నర యూనిట్లకు కాస్త పైన కావాలి. మూడు రాళ్ళ పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా మాత్రమే గిన్నెకు అందుతుంది, మిగిలినదంతా గాలిలోకి పోతుంది. ఆ లెక్కన మీ ఇంటి స్నానాలకు రోజుకు దాదాపు అయిదు కిలోల ఎండు కట్టె కాలుతోంది. నాలుగు నెలల చలికాలంలో అది ఆరు క్వింటాళ్ళకు దగ్గరగా వస్తుంది. ఆ కట్టె ఏరడం, మోయడం, తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చుని ఊదడం అన్నీ ఆడవాళ్ళ మీదే పడుతున్నాయని మీకు నేను చెప్పనక్కరలేదు. వంటింట్లో పొగ పోయిందని మనం సంతోషించాము కానీ, వాకిట్లో పొగ ఇంకా పోలేదు.

ఇప్పుడు కరెంటు సంగతి. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి కింద ఆహార భద్రత కార్డు ఉన్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు. 200 దాటితే మాత్రం దాటిన యూనిట్లకే కాక మొత్తం వాడకానికీ కట్టవలసి వస్తుంది. మీ 140 యూనిట్లకు వేన్నీళ్ళ కోసం నెలకు 77 యూనిట్లు చేరితే 217 అవుతుంది. కాబట్టి ఉచితమని పెట్టుకున్న గీజరు వల్లే ఆ నెల వెయ్యి రూపాయలు దాటిన బిల్లు చేతికి వస్తుంది. గీజరు ఆపకుండా ఉంచితే, వాడకపోయినా చల్లారిన నీళ్ళను మళ్ళీ మళ్ళీ వేడి చేస్తూ ఇంకొంత లాగుతుంది.

అయితే పైసా ఖర్చు లేకుండా ఈ లెక్క మార్చే ఉపాయం మీ ఊళ్ళోనే ఉంది. చలికాలంలో పొద్దున మోటారు వేయగానే బోరు నీళ్ళు గోరువెచ్చగా రావడం మీరు చూసే ఉంటారు. భూమి లోపలి నీళ్ళు పైన గాలితో పాటు చల్లబడవు. అవి 26 డిగ్రీలుంటే 40కి తేవడానికి ఎక్కించవలసింది 22 డిగ్రీలు కాదు, 14 డిగ్రీలే. రోజుకు రెండున్నర యూనిట్ల స్థానంలో ఒకటిన్నర పైచిలుకు చాలు. నెలకు 49 యూనిట్లు అవుతుంది, మీ ఇంటి మొత్తం 189 దగ్గర ఆగుతుంది. రాత్రి ట్యాంకు నింపుకునే అలవాటు మానుకుని, తెల్లవారగానే మోటారు వేసి నేరుగా బకెట్లలోకి పట్టుకుంటే మూడో వంతుకు పైగా ఆదా అవుతుంది. కట్టెతో కాచుకునేవాళ్ళకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఒక థర్మామీటరు తెచ్చి వారం రోజులు ట్యాంకు నీళ్ళూ బోరు నీళ్ళూ పక్కపక్కన కొలిచి చూడండి. నా అంకెల కన్నా మీ ఊరి అంకెలు మీకు ఎక్కువ పనికొస్తాయి.

78 వేల సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ మాట 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం నుంచి వచ్చింది. అందులో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లకు ఆపైన 78 వేలు సబ్సిడీ ఇస్తారు. అది ఇంటి పైకప్పు మీద కరెంటు తయారు చేసే పలకలకు మాత్రమే, నీళ్ళు కాచే సోలార్ హీటరుకు కాదు. హీటరుకు ఆ డబ్బు వస్తుందని చెప్పి అడ్వాన్సు అడిగేవాళ్ళకు ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

సబ్సిడీ లేకపోయినా, స్లాబు ఇల్లు ఉండి దక్షిణం వైపు చెట్టు నీడ, గోడ నీడ పడని కుటుంబాలకు నేను సోలార్ హీటరే చెబుతాను. వంద లీటర్ల హీటరంటే వంద లీటర్ల స్నానపు నీళ్ళని అర్థం కాదు. ఎండ బాగా కాసిన రోజు నీళ్ళు 60 డిగ్రీలకు వస్తే, వాటికి చన్నీళ్ళు కలిపి దాదాపు 190 లీటర్ల స్నానపు నీళ్ళు చేసుకోవచ్చు. 50 డిగ్రీలకే వచ్చిన రోజున కూడా ఏడు బకెట్లవుతాయి. అందుకే అయిదుగురున్న మీ ఇంటికి వంద లీటర్లు చాలు, రెండు వందల లీటర్లది అంటగట్టనివ్వవద్దు. మనకు అక్కర చలికాలంలో కాబట్టి ఎండను పట్టే పలక లేదా గాజు గొట్టాల (హీటరు రకాన్ని బట్టి) వాలు మీ జిల్లాలో 30 డిగ్రీలకు తగ్గకుండా, దక్షిణానికి తిప్పి ఉండాలి. చన్నీళ్ళ ట్యాంకు అడుగు భాగం వేడినీళ్ళ ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి. స్నానాల గదికి వచ్చే పైపు సీపీవీసీది వేయించండి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది.

మీ నీళ్ళలో సున్నం ఉందన్నారు. రాగి గొట్టాలుండే పలక రకంలో నీళ్ళు నేరుగా సన్నని గొట్టాల్లో తిరుగుతాయి కాబట్టి కొన్నేళ్ళకే అవి పూడుకుపోతాయి. గాజు గొట్టాల రకం వెడల్పుగా ఉంటుంది, సున్నం అడుగున పేరుకున్నా ఏడాదికొకసారి తీసి కడుక్కోవచ్చు. పలక రకమే కావాలంటే, మీ నీళ్ళు ఆ సన్నని గొట్టాల్లోకి పోకుండా వేరే ద్రవం ద్వారా వేడి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్నది అడగాలి, దాని ధర ఎక్కువ. ఇంటికి వచ్చే మిషన్ భగీరథ నీళ్ళను హీటరుకు వాడుకునే వీలుంటే అది మరీ మంచిది, నది నీళ్ళలో సాధారణంగా బోరు నీళ్ళంత సున్నం ఉండదు.

అమ్మేవాళ్ళు చెప్పని రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి కోతులు. గాజు గొట్టాల మీద ఇనుప జాలీ చట్రం వేయించకపోతే మీ ప్రాంతంలో అవి ఒక్క ఏడాదైనా నిలవవు. రెండోది ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎవరికీ వేన్నీళ్ళు అక్కరలేదు, కానీ హీటరు కాస్తూనే ఉంటుంది, ట్యాంకులో నీళ్ళు మరుగుతాయి. ఆ రెండు నెలలూ గొట్టాల మీద గోనెపట్టాలు కప్పి, ట్యాంకు నిండుగా ఉంచాలి. ఆవిరి పోయే గొట్టాన్ని ఎప్పుడూ మూయకూడదు. మా ఇంట్లో మొదట పెట్టించినప్పుడు నీళ్ళు చిమ్ముతున్నాయని మేస్త్రీ ఆ గొట్టానికి బిరడా బిగించి పోయాడు. పది రోజులకు ట్యాంకు పక్క ఉబ్బి అతుకు ఊడింది.

పెంకుటిళ్ళలో ఉన్నవాళ్ళకు, చేతిలో ఎక్కువ డబ్బు లేనివాళ్ళకు కట్టెల బాయిలరు మంచి మార్గం. నడిమధ్య నిలువుగా పొగగొట్టం, దాని చుట్టూ నీళ్ళు ఉండే పాత రకమే నేను చెబుతున్నది. మంట నీళ్ళ నడుమ మండుతుంది కాబట్టి రాళ్ళ పొయ్యి కన్నా చాలా తక్కువ కట్టెతో అవే నీళ్ళు కాగుతాయి. ఒక పల్లెలో చూశాను: పెద్దావిడ పత్తికట్టెను జానెడు ముక్కలుగా విరిచి మోపు కట్టి పెట్టుకుంది. రెండు గుప్పిళ్ళు పైనుంచి వేసి అగ్గి అంటించి, పశువుల కొట్టం ఊడ్చి వచ్చేసరికి కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళు వచ్చాయి. చేను దున్నేముందు చాలామంది తగలబెట్టే పత్తికట్టె అది. బాయిలరు మాత్రం కప్పులేని చోటనో, పొగ బయటికి పోయే చోటనో పెట్టుకోవాలి.

బకెట్లో పెట్టే రాడ్డు వాడేవాళ్ళకు వేడి వృథా కాదు, ప్రాణానికే భయం. ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనండి, ప్లాస్టిక్ బకెట్‌లోనే పెట్టండి, ప్లగ్గు తీసిన తరువాతే నీళ్ళలో చెయ్యి పెట్టండి. సంఘం అప్పులో మొదటి ఖర్చుగా ప్రతి ఇంటికీ సరైన ఎర్తింగు, కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని గట్టిగా కోరుతున్నాను. గ్యాస్ గీజరును మూసిన స్నానాల గది లోపల ఎవరూ పెట్టించవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, స్నానానికి వెళ్ళినవాళ్ళు స్పృహ తప్పి అక్కడే చనిపోయిన సందర్భాలున్నాయి.

నలభై ఇళ్ళ బలం ధర దగ్గర కాదు, మరమ్మతు దగ్గర వాడుకోండి. అమ్మకందారు మీ ఊరి కుర్రవాళ్ళిద్దరికి పని నేర్పి, విడి గొట్టాలు, రబ్బరు రింగులు సంఘం దగ్గర ఉంచి వెళ్ళాలని కాగితం మీద రాయించుకోండి. డబ్బులో కొంత భాగం ఒక చలికాలం గడిచాకే ఇస్తామని కూడా రాయించండి.

ప్రశ్న: మా అమ్మాయి చింతపల్లి వైపు ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చదువుతోంది. పిల్లలు రెండు వందల మంది. లంబసింగి చలిలో చన్నీళ్ళతోనే స్నానం చేస్తున్నారు. పొద్దున తొమ్మిది దాకా మంచే ఉంటుంది కదా, అక్కడ సోలార్ పనికిరాదంటున్నారు. హీట్ పంపు పెట్టమని తల్లిదండ్రుల కమిటీ అడగవచ్చా?

జవాబు: తప్పకుండా అడగండి, చలికి పిల్లలు స్నానాలు మానేస్తే గజ్జి వంటి చర్మవ్యాధులు హాస్టలంతా పాకుతాయి. ఉదయపు మంచు వల్ల సోలార్ పనికిరాకుండా పోదు, ముందురోజు ఎండకు కాగిన నీళ్ళనే మరునాడు వాడతాము. కానీ వానాకాలం పొడుగునా మబ్బు పట్టే మన్యంలో దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేము.

హీట్ పంపు ఫ్రిజ్జులాంటిదే, తిరగేసి పనిచేస్తుంది. ఫ్రిజ్జు లోపలి వేడిని బయటికి తోస్తే, ఇది బయటి గాలిలోని వేడిని పీల్చి నీళ్ళలోకి ఎక్కిస్తుంది. వేడిని తయారు చేయదు, చేరవేస్తుంది. అందువల్ల ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి అందుతుంది. ఒక్కొక్కరికి 15 లీటర్ల చొప్పున 3,000 లీటర్లను 25 డిగ్రీలు వేడెక్కించడానికి మామూలు హీటర్లయితే రోజుకు 87 యూనిట్లు కావాలి, దీనికి ముప్పై దగ్గర సరిపోతాయి. ఒక ఇంటికి దీని ధర భారమే కానీ, రెండు వందల మందికి ఇదే సరైనది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. గాలి చల్లబడే కొద్దీ దీని శక్తి తగ్గుతుంది. తెల్లవారుజామున అయిదు డిగ్రీల చలిలో నడిపితే ఆ మూడింతల లాభం రాదు. మధ్యాహ్నం రెండు గంటలకు గాలి వెచ్చగా ఉన్నప్పుడు నడిపించి, మందమైన తొడుగున్న ట్యాంకులో నీళ్ళు నిలవ చేసి, పొద్దున అయిదింటికి వాడుకోవాలి. ట్యాంకు తొడుగు మీద డబ్బు మిగుల్చుకునే టెండరును కమిటీ ఒప్పుకోవద్దు.

ప్రశ్న: అనంతపురం జిల్లా. ఊరెళ్ళి వచ్చేసరికి సోలార్ ట్యాంకులో నీళ్ళు లేవు. మధ్యాహ్నం మోటారు వేయగానే మూడు గాజు గొట్టాలు పగిలాయి. మిగిలినవి బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఖాళీ గొట్టం ఎండలో ఉంటే దాని లోపలి గాజు 200 డిగ్రీలు దాటుతుంది, దాని మీద చన్నీళ్ళు పడగానే పగులుతుంది. ఇకమీదట ఖాళీ అయిన హీటరును పొద్దుగూకి చల్లారిన తరువాత గానీ, సూర్యోదయానికి ముందు గానీ నింపండి.

మిగిలిన గొట్టాల కింది కొస చూడండి. అక్కడ అద్దంలా మెరిసే వెండి పూత ఉంటే ఒకదానిలో ఒకటిగా ఉండే రెండు గాజు పొరల నడుమ శూన్యం పదిలంగా ఉన్నట్టు. ఆ పూత పాలలా తెల్లబడితే గాలి చొరబడినట్టు, ఆ గొట్టం ఇక వేడిని పట్టి ఉంచదు. మిట్టమధ్యాహ్నం గొట్టం పైభాగాన్ని తాకి చూసినా తెలుస్తుంది, లోపల నీళ్ళు కాగుతున్నా మంచి గొట్టం పైకి వేడిగా ఉండదు. కొత్తది ఎక్కించేటప్పుడు రబ్బరు రింగుకు సబ్బు నీళ్ళు రాసి, గొట్టాన్ని తిప్పుతూ మెల్లగా లోపలికి నెట్టాలి. పొడిగా బలవంతంగా తోస్తే మూతి దగ్గరే చిట్లుతుంది.